పల్లంలో ఎన్ని డిగ్రీలు?

నమోదు 112, సోమవారం

మెట్ట: ఆరు డిగ్రీలు. పల్లం: రెండు. దర్శిని అంచనా: ఆరు. తగువు: జరిగింది.

చలి మిత్ర మండలికి నేను కార్యదర్శిని కావడానికి కారణం నాకు వాతావరణం తెలియడం కాదు. నా బొంతల దుకాణం వెనక ఒక ఖాళీ గది ఉంది. అమ్ముడుపోని బొంతలన్నీ అక్కడే పరుస్తాను కాబట్టి కూర్చోవడానికి మెత్తగా ఉంటుంది. ఎంతసేపు పోట్లాడుకున్నా నడుము నొప్పెట్టదు. ఆ గదితో పాటు ఈ రాతపని కూడా నా నెత్తిన పడింది.

ఎండ తగ్గించడానికి ఆకాశంలో పొడి చల్లడం మొదలయ్యాక పుట్టిన పిల్లలకు ఫ్యాను అంటే బట్టలు ఆరేసుకునే సామాను. మాకలా కాదు. సముద్రపు ఒడ్డున ఉక్కపోతలో పెరిగి, నీళ్ళు ఇళ్ళలోకి వచ్చాక ఈ మేడికొండ ఎక్కినవాళ్ళం. చలి గురించి మాట్లాడటమంటే మాకు ఇప్పటికీ వింతే. మండలిలో నలుగురమే ఉన్నా నలభైమంది చేసేంత గోల చేస్తాం.

ఈరోజు గోల మామూలుదే. భుజంగరావు బాబాయి గారు రైల్వే సిగ్నళ్ళలో పనిచేసి రిటైరయ్యారు. ఇల్లు మెట్ట మీద. ఊరి వాతావరణాన్ని ముందుగా లెక్కగట్టే యంత్రం దర్శిని అంటే ఆయనకు గురి.

"ఆరంది, ఆరే వచ్చింది. ఇంకేం కావాలండీ?" అన్నారు.

"మీకొచ్చింది. మాకు రెండొచ్చింది" అన్నారు సన్యాసమ్మ టీచరు గారు. ఆవిడ ముప్ఫయ్యేళ్ళు లెక్కలు చెప్పారు. పాఠంలో పుస్తకం భాష, తగువులో శ్రీకాకుళం భాష. ఇల్లు కింద, పల్లం వీధిలో. "మా వీధి ఈ ఊర్లోది కాదేటి?"

"మీ థర్మామీటరు క్యాబేజీ మడి పక్కన పెట్టారు. తడి మట్టి చల్లగా ఉండదూ?"

"గుండెల ఎత్తున, తెల్ల పెట్టెలో పెట్టానండీ. మీదేటి, వంటింటి కిటికీకి కట్టీసినారు. ఉప్మా వేడంతా దానికే తగుల్తాది!"

టీ కొట్టు మస్తాన్ వలీ మా నాలుగో సభ్యుడు. అతనికి డిగ్రీల మీద ప్రేమ లేదు, మనుషుల మీద ఉంది. టీ పోస్తూ, "రెండు థర్మామీటర్లూ రేపు నా కొట్టుకు తీసుకురండి. ఐసు నీళ్ళలో ముంచుదాం. ఏది అబద్ధమాడుతోందో అదే చెబుతుంది" అన్నాడు.

నమోదు 113, మంగళవారం

మెట్ట: ఏడు. పల్లం: మూడు. దర్శిని: ఏడు.

మస్తాన్ కొట్టు ముందు జనం మూగారు. బకెట్లో ఐసు ముక్కలు, నీళ్ళు. రెండు థర్మామీటర్లనూ పక్కపక్కన ముంచాం. రెండూ మెల్లగా దిగి సున్నా దగ్గర ఆగాయి. ఏదీ అబద్ధమాడలేదు.

అప్పుడు టీచరు గారు ఒక మాట అన్నారు. "ఆయన్ది నాకివ్వండి, నాది ఆయనకివ్వండి. మూడ్రోజులు సూద్దాం."

సొంత థర్మామీటరు చేతులు మారుతుంటే బాబాయి గారి మొహం చూడాలి. కూతుర్ని అత్తారింటికి పంపుతున్నట్టు పెట్టారు.

నమోదు 116, శుక్రవారం

మెట్ట: అయిదు. పల్లం: ఒకటి. దర్శిని: అయిదు.

థర్మామీటర్లు మారినా తేడా మారలేదు. మబ్బు లేని, గాలి లేని ప్రతి తెల్లవారుజామునా పల్లం నాలుగు డిగ్రీలు కిందే ఉంటోంది.

టీచరు గారు గదిలో నేల మీద ఒక బొంతను గుంటలా నొక్కి చూపించారు. "సల్లటి గాలి బరువు. కొండ మీంచి నీళ్ళు జారినట్టే జారి, ఒచ్చి మా వీధిలో నిలబడిపోతాది. దర్శిని కొలిసే పెట్టేమో మెట్ట మీద, నీళ్ళ ట్యాంకు నెత్తిన ఉంది."

బాబాయి గారు వంగి ఆ గుంటలో చెయ్యి పెట్టి చూశారు. "అయితే దర్శిని తప్పు చెప్పలేదు. దానికి పల్లం సంగతి ఎవరూ చెప్పలేదు" అన్నారు.

"ఒప్పుకున్నట్టేనా?"

"సగం."

నాకు నవ్వొచ్చింది కానీ విషయం నవ్వులాట కాదు. ఊరి మధ్య ఇసుక గాదె ఉంది. అద్దాలతో మళ్ళించిన ఎండకు పగలంతా అందులో ఇసుక కాగుతుంది. తెల్లారేసరికి రెండు డిగ్రీల లోపుకు పోతుందని దర్శిని చెబితేనే దాని తలుపు తెరుచుకుంటుంది, ఇళ్ళ గొట్టాల్లో నీళ్ళు వేడెక్కుతాయి. మెట్ట మీద అయిదు అంటే తలుపు తెరుచుకోదు. పల్లంలో ఒకటైనా గొట్టాలు చల్లగానే ఉంటాయి. ఈ ఉదయం బొంత ఇవ్వడానికి పల్లం వీధిలో గౌరి ఇంటికి వెళ్ళాను. ఆమెకు పసిబిడ్డ, ఇంకా నెల నిండలేదు. పిల్లను రవికె లోపల పెట్టుకుని, పైన మూడు చీరలు చుట్టుకుని కూర్చుంది.

"నాకు చలి లేదక్కా. దీని ముక్కే చల్లగా ఉంటోంది" అంది.

పల్లంలో కూడా ఒక పెట్టె పెట్టమని ఊరి కమిటీని అడిగాం. పెట్టె వచ్చేసరికి వేసవి వస్తుందన్నారు.

నమోదు 121, బుధవారం

మెట్ట: నాలుగు. పల్లం: సున్నా. దర్శిని: నాలుగు. రేపటికి దర్శిని అంచనా: మూడు.

ఈరోజు మేము మామూలుగా చేయని పని చేశాం. మా సొంత అంచనా చెప్పాం.

సాయంత్రం టీచరు గారు రొప్పుతూ మెట్లెక్కి వచ్చారు. "రేపు తెల్లారికి పల్లం మైనస్ రెండు. సిన్న పిల్లలున్నారు, ముసిలోళ్ళున్నారు. గాదె తెరిపించాల."

గాదె చూసే ఇంజనీరు నీలవేణి మంచి పిల్ల. "అంచనా లేకుండా నేను తెరవలేనమ్మా. కానీ మీ మండలిలో ఎక్కువమంది అడిగితే చేత్తో తిప్పే అధికారం నాకుంది. ఒకటి మాత్రం గుర్తుపెట్టుకోండి. ఈసారి వాడేస్తే మళ్ళీ నిండటానికి వారం రోజుల ఎండ కావాలి" అంది.

బాబాయి గారు వద్దన్నారు. "తూర్పున మబ్బు కదులుతోందని దర్శిని చెప్పింది. అందుకే మూడు దగ్గర ఆగింది. తొందరపడకండి."

"మబ్బెక్కడుందండీ? సుక్కలు లెక్కెట్టుకునేలా ఉంది ఆకాశం!"

మస్తాన్ టీచరు గారి వైపు. ఇక మిగిలింది నేను. నాకు మబ్బుల సంగతి తెలియదు, గౌరి బిడ్డ ముక్కు తెలుసు. తెరవమన్నాను.

నమోదు 122, గురువారం

మెట్ట: ఎనిమిది. పల్లం: ఎనిమిది.

మబ్బు వచ్చింది. ఊరంతా దుప్పటి కప్పినట్టు వచ్చి తెల్లారేదాకా కదల్లేదు. చలి లేదు. గొట్టాలు మాత్రం సలసల కాగాయి. జనం కిటికీలు తెరుచుకున్నారు. మెట్ట మీద ఒకాయన ఫ్యాను మీద ఆరేసిన బట్టలు తీసేసి దాన్ని తిప్పి చూశాడట. అది ముప్పావుగంట కిర్రుమని మూలిగి తిరిగిందట. ఆ సంగతి ఊరంతా చెప్పుకుని నవ్వారు.

ఆ నవ్వు మధ్యాహ్నానికి పోయింది. గాదెలో ఇసుక అడుగున మాత్రమే వెచ్చగా ఉందని నీలవేణి చెప్పింది. ఎండ లేదు. మస్తాన్ కొట్టు దగ్గర ఒకావిడ నా మొహం మీదే అంది: "మెత్తటి గదిలో కూర్చుని పోట్లాడుకోక మీకెందుకమ్మా ఊరి వేడి?"

టీచరు గారు మండలికి రాలేదు. నేనే కిందికి వెళ్ళాను. వసారాలో కూర్చుని ఉన్నారు. థర్మామీటరు పెట్టె తలుపు వేసి, పైన గుడ్డ కప్పేశారు.

"పల్లానికీ మెట్టకీ తేడా సూసుకున్నాను గానీ మబ్బొస్తే తేడాయే ఉండదని తట్టలేదు కమలినీ. పిల్లలకి తప్పు లెక్క సెప్పినట్టయింది. ఇక నాను అంకె సెప్పను" అన్నారు.

నేనూ తెరవమన్నదాన్నే కదా అన్నాను. ఆవిడ నా చెయ్యి పట్టుకున్నారు కానీ మాట మార్చుకోలేదు.

నమోదు 125, ఆదివారం సాయంత్రం

మెట్ట: ఆరు. పల్లం: చూసినవారు లేరు. రేపటికి దర్శిని అంచనా: మూడు.

మధ్యాహ్నం మబ్బు మొత్తం విడిపోయింది. గాలి ఆగింది. నేను దుకాణం కట్టేస్తుంటే భుజంగరావు బాబాయి గారు వచ్చారు. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"అమ్మాయ్, ఒకసారి బయటకు రా."

మెట్ల చివర నిలబడి కిందికి చూపించారు. పల్లం వీధిలో పొయ్యిల పొగ పైకి లేవడం లేదు. ఇళ్ళ కప్పుల ఎత్తున తెల్లగా పరుచుకుని, కదలకుండా అలాగే ఉంది.

"గాలి నిలబడిపోయింది చూడు. ఆకాశం కడిగినట్టుంది. తూర్పున ఏమీ లేదు, దర్శినిని రెండుసార్లు అడిగాను. ఇక్కడ మూడంటే కింద సున్నాకి దిగువన ఉంటుంది. మొన్న టీచరమ్మ చెప్పిన చలి రేపొస్తోంది."

"గాదె?"

"నీలవేణి దగ్గర నుంచే వస్తున్నా. ఉన్న కాస్త వేడీ ముందు మెట్ట ఇళ్ళకు చేరుతుంది. పల్లం గొట్టాల దాకా వెళ్ళదు. వేడిని కిందికి పంపలేం." ఆయన నా వైపు తిరిగారు. "మనుషుల్ని పైకి తీసుకురావాలి."

ఈ ఊరు వచ్చి ఇన్నేళ్ళయినా ఆయన పల్లం వీధిలో కాలు పెట్టడం నేను చూడలేదు. మోకాళ్ళ నొప్పి అంటారు. ఈరోజు ఒక చేత్తో గోడ, ఒక చేత్తో నా భుజం పట్టుకుని అన్ని మెట్లూ దిగారు. నేరుగా గౌరి వాకిట్లోకి వెళ్ళారు.

"ఏంటండీ, మళ్ళీ చలి కబురా?" గౌరి భర్త నవ్వుతూనే అడిగాడు. నవ్వు మాత్రం సరిగ్గా లేదు.

నేను అంకె చెప్పబోయాను. బాబాయి గారు నన్ను ఆపారు.

"మా ఇంట్లో మూడు గదులున్నాయి బాబూ. నేనొక్కణ్ణే. ఈ రాత్రికి మీరంతా వచ్చి పడుకోండి. చలి రాలేదనుకో, మిరపకాయ బజ్జీలు తిని, పొద్దున్నే నన్ను తిట్టుకుంటూ దిగిపోదురుగాని."

గౌరి బిడ్డను భుజం మార్చుకుంది. "ఎవరి బజ్జీలండీ?"

"మస్తాన్‌వి. నాకు చేతకాదు."

ఆమె నవ్వేసి లోపలికి వెళ్ళి పరుపు చుట్టడం మొదలుపెట్టింది. మిగతా ఇళ్ళు మాత్రం అంత తేలిగ్గా కదల్లేదు. మొన్నటి కోపం ఇంకా ఉంది. ఒకాయన తలుపు సగమే తీశాడు. ఒక పెద్దావిడ, "కోళ్ళను వదిలి రాను" అంది. బాబాయి గారికి ఆయాసం వచ్చి అరుగు మీద కూలబడ్డారు.

ఎదురుగా టీచరు గారి వసారా. ఆవిడ ఇదంతా చూస్తూనే ఉన్నారు.

"అంకె చెప్పమనటం లేదు టీచరమ్మా" అన్నారు బాబాయి గారు అక్కడి నుంచే. "వీళ్ళు నా మాట వినరు. నేనెవర్ని వీళ్ళకి? ఈ వీధి పిల్లలందరికీ ఎక్కాలు నేర్పింది మీరు."

ఆవిడ లేచి, చెప్పులు కూడా వేసుకోకుండా వీధి మధ్యకు వచ్చి నిలబడ్డారు. క్లాసులో పిలిచినట్టు గట్టిగా పిలిచారు.

"అందరూ ఇనండి! మొన్న నాను తప్పాను. ఇయ్యాల కూడా తప్పొచ్చు. తప్పితే రేపు మా ఇంటికొచ్చి ఓపికున్నంత సేపు తిట్టండి, కుర్సీలేసి కూకోబెడతాను. ఇప్పుడైతే బొంతలు సంకనెట్టుకుని పైకి నడవండి. అప్పమ్మా, కోళ్ళని కూడా గంపలో యేసుకురా, ఈ రావు గారి పెరడు ఖాళీయే!"

సగం తీసిన తలుపు పూర్తిగా తెరుచుకుంది.

ఇది రాస్తుంటే నా మెత్తటి గదిలో కాలు పెట్టే చోటు లేదు. పిల్లలు బొంతల గుట్ట మీద నుంచి దూకుతున్నారు. మస్తాన్ రెండో వాయి బజ్జీలు పంపాడు. ఇక రాయలేను, పెన్ను ఎవరో లాక్కుంటున్నారు.

నమోదు 126, సోమవారం

మెట్ట: మూడు. దర్శిని చెప్పింది సరిగ్గా అదే.

పొద్దున్నే ఉప్మాకు రవ్వ చాలక ఇల్లిల్లూ తిరిగాను. స్నానాల గది దగ్గర వరస. బాబాయి గారి ఇంటికి వెళ్తే, ఆయన పెరట్లో అప్పమ్మ కోళ్ళకు దాణా చల్లుతూ ఏదో సలహా చెబుతున్నారు. లోపల గౌరి నిద్రపోతోంది. పక్కనే టీచరు గారు, ఒళ్ళో బిడ్డ. తన థర్మామీటరును ఉయ్యాల తాడుకు కట్టారు.

"పిల్ల గది సల్లబడుతుందేమోనని తెచ్చాను. రావు గారూ నానూ వంతులేసుకుని సూసాం. పంతొమ్మిది తగ్గలేదు" అన్నారు గొంతు తగ్గించి. "దీని ముక్కు ఒకసారి ముట్టుకో."

ముట్టుకున్నాను. వెచ్చగా ఉంది.

ఎండ బాగా ఎక్కాక అందరం కిందికి దిగాం. క్యాబేజీ మడి మొత్తం తెల్లగా, ఉప్పు చల్లినట్టుంది. వాకిళ్ళలో కుండలు నిలువునా చీలాయి. గౌరి ఇంట్లో గొట్టం పగిలి, నీళ్ళు నేల మీదకు పారి గడ్డకట్టాయి. బిడ్డను రోజూ పడుకోబెట్టే మూలలో చాప నేలకు అతుక్కుపోయింది. గౌరి దాన్ని ఒక కొస పట్టుకుని లాగింది. అది విరిగింది. బిడ్డను గట్టిగా హత్తుకుని బయటికి వచ్చేసింది. వాళ్ళాయన బాబాయి గారి దగ్గరికి వెళ్ళి ఆయన చేతికర్ర తీసుకుని తన భుజం ఆసరా ఇచ్చాడు.

కాసేపటికి నీలవేణి పరుగున వచ్చింది. "పల్లానికి వేరే తలుపు పెట్టమని కమిటీని ఈరోజే అడుగుతాను. తెల్లవారుజామున ఇక్కడ ఎంతుందో ఆ అంకె ఇవ్వండమ్మా, చాలు."

నేను టీచరు గారి వైపు చూశాను. ఆవిడ బాబాయి గారి వైపు చూశారు. ఆయన ఆవిడ వైపు చూశారు.

"మీరు చూసుంటారనుకున్నానండీ" అన్నారు బాబాయి గారు.

"నాదేమో ఉయ్యాలకి కట్టీసాను కదా! మీది?"

"నాది కిటికీకే ఉంది. కిందికి ఎవరు తెచ్చారూ?"

మేడికొండలో మాకు తెలిసినంతలో ఇంత చలి ఎప్పుడూ పడలేదు. ఇన్నాళ్ళుగా అర డిగ్రీ కోసం గొంతు చించుకున్న మండలి, ఆ ఉదయం రవ్వ వెతుక్కుంటూ, కోళ్ళకు దాణా వేస్తూ, పిల్ల ముక్కు ముట్టుకుంటూ గడిపేసింది.

"మైనస్ రెండు రాయమ్మాయ్. అంతకంటే వెచ్చగా ఉంటే గొట్టం పగలదు" అన్నారు బాబాయి గారు.

"సూసారా?"

"చూడలేదు గానీ..."

"సూడని అంకె రాయకూడదండీ. మొన్న నాను సూడకుండా సెప్పిన అంకే కదా తప్పింది!"

ఆయన తలూపారు. కాబట్టి రాస్తున్నాను. పల్లం: చూడలేదు.

నమోదు 131, శనివారం

మెట్ట: నాలుగు. పల్లం: సున్నా. దర్శిని: నాలుగు.

అంకె లేకుండా కమిటీ ఒప్పుకోదని భయపడ్డాం. దానికి గౌరి ఒక దారి చూపించింది. "తెల్లారకముందే మా ఇంటికొచ్చి కూర్చోమనండి. నేను టీ పెడతాను." ఈ ఉదయం ముగ్గురు కమిటీ వాళ్ళు వచ్చి, ఇంకా బాగుచేయని ఆ ఇంట్లో చాప మీద కూర్చున్నారు. టీ మరిగేలోపే పల్లానికి వేరే తలుపు పెట్టడానికి ఒప్పుకున్నారు. పెట్టె కూడా వేసవి దాకా ఆగనక్కర్లేదట. పొరుగూరి గిడ్డంగిలో ఒకటి ఉందని అప్పుడు వాళ్ళకు గుర్తొచ్చింది.

నమోదు 140, సోమవారం

మెట్ట: ఏడు. దర్శిని: మెట్టకు ఏడు, పల్లానికి మూడు.

పల్లంలో కొత్త పెట్టె పెట్టాక, నిన్న సాయంత్రం దర్శిని మొదటిసారి రెండు అంకెలు చెప్పింది. పల్లానికి మూడు కాదు, రెండే వస్తుందని టీచరు గారి పందెం. దర్శిని అన్నాక మూడు మూడేనని బాబాయి గారి పందెం. టీచరు గారి థర్మామీటరు కలిసి చూస్తే గానీ నమ్మమన్నారు ఇద్దరూ. అందుకని ఆయన వెలుతురు రాకముందే, గౌరి భర్త భుజం ఆసరాతో మెట్లు దిగి వెళ్ళారు.

నేను బొంతలు ఎండలో వేయడానికి బయటకు వచ్చేసరికి బాగా పొద్దెక్కింది. కిందికి చూస్తే, క్యాబేజీ మడి గట్టు మీద ఇద్దరూ కూర్చుని ఉన్నారు. ఆయన చేతులు తిప్పుతూ ఏదో చెబుతున్నారు. ఆవిడ కాదంటున్నారు. మధ్యలో టీ గ్లాసులు. టీచరు గారి పెట్టె మీద ఎండ పడి చాలాసేపయినట్టుంది.

"ఎంతొచ్చింది?" అని పైనుంచి గట్టిగా అరిచాను.

ఇద్దరూ మాట ఆపి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తరవాత ఇద్దరూ ఒక్కసారే తల తిప్పి పెట్టె వైపు చూశారు.

పల్లం: చూడలేదు. కారణం: మాటల్లో పడ్డారు.